కోనేటి తెప్ప, కడలి తెప్ప

పాంటూన్ బోట్ కొనాలా, డెక్ బోట్ కొనాలా? అమెరికాలో సముద్రం పక్కన ఉంటూ, కాస్త డబ్బు, కొన్ని ఖాళీ శనివారాలు ఉన్నవాళ్ళు వేసుకునే ప్రశ్న ఇది. నాకు పడవ కొనే ఉద్దేశం లేదు. హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్‌లో కారు పెట్టుకోడానికే రోజూ పంచాయితీ. కానీ రెండు వస్తువుల్ని పక్కపక్కన పెట్టి పోల్చిన పట్టిక ఎక్కడ కనిపించినా చదవకుండా ఉండలేను. ఫోన్లతో మొదలైన అలవాటు, డేటాబేస్‌ల మీదుగా పడవల దాకా వచ్చింది.

ఆ పట్టికల్లో రెండు పడవలకీ కొట్టొచ్చినట్టు కనిపించే సుగుణం ఒకటే: స్టెబిలిటీ. పాంటూన్ బోట్ కదలదు, అందుకని కొనండి. డెక్ బోట్ అలల్ని తట్టుకుంటుంది, అందుకని కొనండి. ఒకే మాటతో రెండు వేరువేరు సంగతులు చెప్తున్నారని కాసేపటికి అర్థమైంది. ఇంకాస్త చదివితే, ఈ తేడాని ఏ బ్రోషరూ అచ్చు కాకముందే మన కోరమాండల్ తీరం గుర్తుపట్టిందనీ, గుర్తుపట్టి రెండు వేరువేరు పడవలు కట్టుకుందనీ తెలిసింది. ఈ వ్యాసం ఆ తేడా గురించి.

సోఫాలు వేసిన పంటు

పాంటూన్ బోట్ అంటే రెండు పొడవాటి అల్యూమినియం గొట్టాలు. ఈమధ్య మూడు కూడా పెడుతున్నారు. చివర్లు మూసేసి ఉంటాయి, లోపల గాలి. వాటి మీద అడ్డంగా దూలాలు, దూలాల మీద చదునైన నేల, చుట్టూ రెయిలింగు, మెత్తటి సోఫాలు, పైన నీడకి గుడ్డ, వెనకాల మోటారు. గోదావరి జిల్లాల వాళ్ళకైతే ఒక్క ముక్కలో చెప్పొచ్చు: సోఫాలు వేసిన పంటు. నరసాపురం, సఖినేటిపల్లి రేవుల మధ్య మనుషుల్నీ మోటారు సైకిళ్ళనీ దాటించే పంటు లాంటిదే. ఇంకొన్నిచోట్ల బల్లకట్టు అంటారు. రెండు పడవల్ని జంట కట్టి మీద బల్లలు పరవడం మనకి పాత విద్యే.

ఇప్పుడు అమెరికాలో అమ్ముతున్న పాంటూన్ బోట్ పుట్టుక మాత్రం మిన్నెసోటా రాష్ట్రంలో. బండి నంబరు ప్లేటు మీదే పదివేల సరస్సులని రాసుకునే రాష్ట్రం అది. 1950ల మొదట్లో అక్కడి రిచ్‌మండ్ అనే చిన్న ఊరి రైతు ఆంబ్రోస్ వీరెస్, ఇనుప పీపాల్ని ఒకదాని చివర ఒకటి వెల్డింగ్ చేయించి రెండు వరసలు చేశాడు. వాటి మీద చెక్క నేల వేశాడు. ఎడంగా ఉన్న రెండు వరసల మీద వెడల్పాటి నేల వేస్తే మామూలు పడవ కన్నా తక్కువ ఊగుతుందని అతని లెక్క. సరస్సు మీద ఆ లెక్క నూటికి నూరుపాళ్ళు నిజం. ఇంటిల్లిపాదీ, ముసలివాళ్ళతో సహా, తడవకుండా, తూలకుండా నీళ్ళ మీద కూర్చోవచ్చు. అది తర్వాత పెద్ద పరిశ్రమే అయింది.

మనకి దీనికన్నా దగ్గరి పోలిక ఇంకోటుంది. తెప్పోత్సవం. తిరుమల పుష్కరిణిలో ఏటా ఫాల్గుణ మాసంలో ఐదు రోజులు స్వామిని తెప్ప మీద ఊరేగిస్తారు. నాలుగు వైపులా మెట్లు, మధ్యలో నిలకడగా ఉన్న నీళ్ళు, దీపాలు, మేళం. విగ్రహం ఒరగకూడదు, అర్చకుడు తూలకూడదు, హారతి ఆరకూడదు. వీరెస్ తన సరస్సులో కోరుకున్నది కూడా ఇంచుమించు ఇదే.

కానీ తెలుగులో తెప్ప అన్న మాటకి ఇంకో అర్థం ఉంది. విశాఖపట్నం, శ్రీకాకుళం తీరాల్లో తెప్ప అంటే జాలరి సముద్రంలోకి వేసుకుపోయే దుంగల కూర్పు. దాని మీద ఎవరూ పొడిగా ఉండరు. మాట ఒకటే గానీ, కోనేట్లో తెప్ప ఇచ్చే సుఖానికీ సముద్రంలో తెప్ప ఇచ్చే భరోసాకీ ఏ సంబంధమూ లేదు.

కింద పడవ, పైన పంటు

డెక్ బోట్ కథ కొంచెం వేరు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పడవల తయారీలోకి ఫైబర్‌గ్లాస్ వచ్చింది. చెక్కని వంచడం, మేకులు దిగ్గొట్టడం పోయి, అచ్చులో పోసి ఏ ఆకారం కావాలంటే ఆ ఆకారం తీసే వీలు దొరికింది. అదే రోజుల్లో రే హంట్ అనే అమెరికన్ డిజైనర్, పడవ అడుగుని ముందు నుంచి చివరిదాకా లోతైన ‘వి’ ఆకారంలో ఉంచితే వేగంగా పోతున్నప్పుడు కూడా అలని చీల్చుకుపోతుందని చూపించాడు. 1960లో మయామీ నుంచి నసావు దాకా జరిగిన మోటారు పడవల పందెం రోజున సముద్రం బాగా రేగింది. ఆ పందెం గెలిచింది హంట్ గీసిన అడుగుతో డిక్ బెర్‌ట్రామ్ కట్టించిన ‘మాపీ’. ఆ తర్వాత సముద్రపు మోటారు పడవల అడుగులు మారిపోయాయి.

‘వి’ అడుగుతో చిక్కేమిటంటే పడవ ముక్కు సన్నబడుతుంది. మనవాళ్ళు అణియం అనే ఆ ముందు భాగంలో ఇద్దరు కూర్చుంటే మూడోవాడికి చోటుండదు. డెక్ బోట్ ఆ చిక్కుకి దొరికిన పరిష్కారం. కింద ‘వి’ అడుగు అలాగే ఉంచి, పైన నేలని ముందుదాకా వెడల్పు చేశారు. కింద పడవ, పైన పంటు అన్నమాట. రాజీ కాబట్టి రెండు వైపులా కొంత పోతుంది. పంటంత చోటు ఉండదు. నడిసముద్రానికి కట్టిన పడవకున్నంత ఎత్తైన గోడలు, పదునైన అడుగు కూడా ఉండవు. అయినా, పైకి లేచే ముక్కు ఉంది, నీళ్ళని పక్కలకి విసిరేసే వంపు ఉంది.

అలలు లేని టబ్బు

ఇంజినీరింగ్ చదివినవాళ్ళలో చాలామందికి ఫ్లూయిడ్ మెకానిక్స్ ల్యాబ్‌లో మెటాసెంట్రిక్ హైట్ ప్రయోగం గుర్తుండే ఉంటుంది. ఒక రేకు టబ్బులో నీళ్ళు, అందులో తేలే చిన్న డబ్బా. డబ్బా మీద ఒక బరువుని పక్కకి జరుపుతాం. డబ్బా ఒరుగుతుంది. వేలాడే లోలకం ఎన్ని డిగ్రీలు కదిలిందో చూసి రికార్డులో రాస్తాం. ల్యాబ్ మాన్యువల్లో ఆ డబ్బా పేరు పాంటూనే.

ఆ లెక్క వెనక ఉన్న మనిషి పియర్ బూగేర్ అనే ఫ్రెంచివాడు. భూమి ఆకారం కొలవడానికని దక్షిణ అమెరికా వెళ్ళి, ఆండీస్ కొండల్లో ఏళ్ళ తరబడి ఉండిపోయి, సముద్రానికి అంత ఎత్తున కూర్చుని ఓడల మీద పుస్తకం రాశాడు. అది 1746లో అచ్చయింది. ఒరిగిన పడవని తిరిగి నిటారుగా నిలబెట్టే బలం ఎంతో చెప్పే మెటాసెంటర్ భావన అందులోదే. ఈ లెక్క ప్రకారం వెడల్పు పెరిగేకొద్దీ ఆ బలం చాలా త్వరగా పెరుగుతుంది. రెండు గొట్టాల్ని ఎడంగా పెడితే ఇంకా పెరుగుతుంది. పాంటూన్ బోట్ ఒక పక్కకి పదిమంది వెళ్ళినా పెద్దగా ఒరగదంటే కారణం ఇదే.

కానీ మా టబ్బులో అలలు లేవు. అలల సంగతి తేల్చింది విలియం ఫ్రూడ్ అనే ఇంగ్లీషు ఇంజినీరు. ఓడల ఊగిసలాట మీద 1861లో అతను చదివిన వ్యాసంలోని ముఖ్యమైన మాట విన్నప్పుడు తలకిందులుగా అనిపిస్తుంది. నిలకడ నీళ్ళలో ఎంత బిగువుగా నిలబడే వస్తువైతే, అలల్లో అది అంతగా అల వాలుని అంటిపెట్టుకుంటుంది. ఒక చెక్కపలకని అల మీద వేసి చూడండి. అది ఆకాశానికి నిటారుగా ఉండాలని ప్రయత్నించదు. నీటి ఉపరితలానికి సమాంతరంగా ఉండాలని చూస్తుంది. అల ఎటు వాలితే తనూ అటు వాలుతుంది, వెంటనే, విసురుగా. నిలకడ నీళ్ళలో మనల్ని కదలకుండా ఉంచిన బలమే అలల్లో మనల్ని కుదిపేస్తుంది.

దీనికి తోడు ముందు నుంచి వచ్చే అల. దగ్గరదగ్గరగా, నిటారుగా అలలు వచ్చినప్పుడు గొట్టాల ముక్కులు పైకి లేచే లోపే ఎదుటి అలలో దిగిపోతాయి. నీళ్ళు చదునైన నేల మీదికి నేరుగా వచ్చేస్తాయి. గొట్టాల మధ్య దూరిన అల నేల అడుగుని దభీమని కొడుతుంది. ఉప్పునీటి బాధ ఇంకోటి. అల్యూమినియం, స్టీలు మరలు, ఉప్పునీరు కలిస్తే చిన్న బ్యాటరీ తయారైనట్టే. అల్యూమినియం తినుకుపోకుండా దానికి బదులు అరిగిపోయే జింకు ముక్కలు తగిలించుకోవాలి, అవి అరిగాయో లేదో చూసుకుంటూ ఉండాలి.

సరస్సులో పొడిగా ఉండటం, కదలకుండా ఉండటం, మునగకుండా ఉండటం మూడూ ఒకే టిక్కెట్టు మీద దొరుకుతాయి. సముద్రంలో ఒక్కోదానికి విడివిడిగా వెల కట్టాలి. ఈ సంగతి కోరమాండల్ తీరానికి బూగేర్ కన్నా ముందే తెలుసు.

పొడిగా ఉన్నవాళ్ళు, తడిసినవాళ్ళు

మద్రాసు నుంచి పైకి మచిలీపట్నం, విశాఖపట్నం, భీమిలి దాకా, ఓడలు ఒడ్డుకి వచ్చి ఆగే సహజమైన రేవులు తక్కువ. కాకినాడకి హోప్ ఐలాండ్ చాటు ఉంది. విశాఖపట్నంలో నౌకాశ్రయం తెరిచింది 1933లోనే. చాలాచోట్ల ఓడ దూరంగా లంగరేసుకుని ఉండేది. ఓడకీ ఒడ్డుకీ మధ్య వరసగా విరిగిపడే కెరటాలు. యూరోపు ఓడలతో వచ్చిన బిగువైన చెక్క పడవలు ఆ కెరటాల్లో ఇసుకకి తగిలి పగిలిపోయేవి. ఈ కొన్ని వందల గజాలు దాటడానికి ఇక్కడివాళ్ళ దగ్గర రెండు సాధనాలుండేవి.

ఒకటి మసూలా పడవ. 30–35 అడుగుల పొడవు, ఎత్తైన గోడలు. లోపల పక్కటెముకల్లాంటి చట్రం లేదు, మేకులు లేవు. పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టేవాళ్ళు. కుట్టు కింద సందుల్లో కొబ్బరి పీచో గడ్డో కూరేవాళ్ళు. ఇసుకకి కొట్టుకుంటే పడవ మొత్తం వంగేది గానీ విరిగేది కాదు. కుట్టు సందుల్లోంచి నీళ్ళు ఎప్పుడూ కారుతూనే ఉండేవి కాబట్టి ఒకరో ఇద్దరో తోడి పోస్తూనే ఉండాలి. పది పన్నెండు మంది తెడ్లు వేసేవాళ్ళు. వెనక నిలబడి దారి పట్టే మనిషిని ఇంగ్లీషు రాతల్లో టిండాల్ అన్నారు. 2025లో వచ్చిన సినిమా పుణ్యమా అని మనందరికీ తెలిసిన తండేలు అన్న మాటకి చుట్టమే అది. మసూలా అన్న పేరు మసూలిపట్నం నుంచి, అంటే మన మచిలీపట్నం నుంచి, వచ్చిందని ఒక వాదం. ఇంకా వేరే వ్యుత్పత్తులూ చెప్పారు. 1886 నాటి హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు ఈ మాట మీద తర్జనభర్జన పడింది.

రెండోది కట్టుమరం. అంటే కట్టిన మాను. తమిళం మాటే అయినా మనకీ అర్థమవుతుంది. తేలిక కర్ర దుంగలు మూడో నాలుగో పక్కపక్కన పెట్టి తాళ్ళతో కట్టేస్తే అయిపోయింది. గోడల్లేవు, లోపల అనే చోటే లేదు. కాబట్టి అందులోకి నీళ్ళు చేరి మునగడం అనే ప్రసక్తే లేదు. మీద పడ్డ కెరటం దుంగల సందుల్లోంచి కిందికి పోతుంది. తిరగబడితే మళ్ళీ తిప్పుకుని ఎక్కొచ్చు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఫిషరీస్ డైరెక్టరుగా పనిచేసిన జేమ్స్ హార్నెల్ 1920లో భారతీయ పడవల మీద రాసిన పెద్ద వ్యాసంలో మద్రాసు వైపు కట్టుమరాన్నీ, గంజాం–విశాఖ వైపు తెప్పనీ వేరుచేసి చూపించాడు. మన ఉత్తరాంధ్ర తెప్పలో దుంగల్ని కర్ర మేకులతో కూర్చి, పడవ ఆకారానికి దగ్గరగా మలుస్తారు. వేట నుంచి వచ్చాక విడదీసి, ఒడ్డున ఎండబెడతారు. నీళ్ళు పీల్చిన దుంగ బరువెక్కుతుంది కాబట్టి తెప్పకి కూడా రోజూ విశ్రాంతి కావాలి.

ఇప్పుడు ఈ రెంటినీ ఆ పోలిక పట్టికలో పెట్టి చూడండి. మసూలా పడవ లోపల పొడిగా ఉంటుంది, లేదా అలా ఉంచడానికి మనుషులు కష్టపడతారు. అందులో సరుకు, గుర్రాలు, కంపెనీ ఉద్యోగులు, వాళ్ళ భార్యలు. కట్టుమరం మీద ఎవరూ పొడిగా ఉండరు, కానీ అది మునగదు. అందులో జాలర్లు. అలలు పెద్దవిగా ఉన్న రోజున మసూలా పడవ పక్కనే కట్టుమరాలు కూడా వచ్చేవి. కెరటం కొట్టి ప్రయాణికుడెవరైనా నీళ్ళలో పడితే దూకి పట్టుకురావడానికి. అలా కాపాడినవాళ్ళకి పతకాలు ఇచ్చారు. మసూలా కూడా బయల్దేరలేని వాతావరణంలో ఓడకి ఉత్తరం చేర్చాల్సి వస్తే, కట్టుమరం మనిషి దాన్ని నీళ్ళు చొరబడని టోపీలో పెట్టుకుని వెళ్ళేవాడు.

మద్రాసులో కెరటాలు దాటడం గురించి తెల్లదొరలు, దొరసానులు భయభయంగా, కొన్నిసార్లు సరదాగా, బోలెడు రాశారు. పడవవాళ్ళు నడుమ కెరటాల్లో ఆపి ఎక్కువ డబ్బులు అడుగుతారన్న ఫిర్యాదులూ ఉన్నాయి. రాసినవాళ్ళ పేర్లు పుస్తకాల అట్టల మీద ఉన్నాయి. తెడ్డు వేసినవాళ్ళు, దూకి ఈదినవాళ్ళు ఆ పుస్తకాల్లో ఉత్త ‘బోట్‌మెన్’. ఒక పడవ ఎంత సేఫ్ అన్న ప్రశ్నకి జవాబు, అందులో కూర్చున్నవాడిని అడుగుతున్నామా, నీళ్ళు తోడుతున్నవాడిని అడుగుతున్నామా అన్నదాన్ని బట్టి మారుతుంది. ఆ పొడి సీటు పడవ డిజైన్ వల్ల ఒక్కటే వచ్చింది కాదు, పక్కన తడుస్తున్న పదిహేను మంది వల్ల వచ్చింది. 1861లో మద్రాసులో సముద్రంలోకి ఇనుప స్తంభాల పియర్ కట్టారు, తర్వాత హార్బరు మొదలైంది. రేవులు పెరిగేకొద్దీ మసూలాతో ప్రయాణికులకి పని తప్పింది. కట్టుమరానికి మాత్రం తప్పలేదు. చేపలు హార్బరులోకి రావు కదా.

కట్టుమరం అన్న పేరు మాత్రం దేశాలు తిరిగింది. విలియం డాంపియర్ 1697లో అచ్చేసిన యాత్రా గ్రంథంలో కోరమాండల్ దుంగల తెప్పని ఆ పేరుతోనే వర్ణించాడు. తర్వాత ఇంగ్లీషులో ఆ పేరు, రెండు పడవల్ని జంట చేసిన మరో రకానికి అంటుకుంది. 1876లో న్యూయార్క్ పందెంలో నథానియల్ హెరెషాఫ్ తన జంట పడవ ‘అమరిల్లిస్’తో మిగతా వాటన్నిటినీ వెనకేస్తే, మిగతావాళ్ళు అభ్యంతరం చెప్పి దాన్ని పోటీ నుంచి తప్పించారు. పాంటూన్ బోట్‌ని కూడా ఆ కుటుంబంలోనే లెక్కేస్తారు. పేరు మన తీరానిదే. కానీ నీళ్ళు సందుల్లోంచి కిందికి పోవడం అన్న అసలు గుణం ఆ ప్రయాణంలో ఎక్కడో జారిపోయింది.

ఫైబర్ తెప్ప

దుంగల కాలం కూడా అయిపోయింది. తగిన కర్ర దొరకడం కష్టమైంది, ధర పెరిగింది. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్ అనే ఎఫ్.ఏ.ఓ. ప్రాజెక్టు, రేవు లేని ఒడ్డుల కోసం ఫైబర్‌గ్లాస్ పడవల్ని తయారు చేయించి, ఉప్పాడ లాంటి ఊళ్ళలో జాలర్లతో వాడించి చూసింది. లోపల ఫోమ్ నింపారు, మునక్కుండా. ఇసుక తగిలేటప్పుడు పైకెత్తుకునే వీలుండేలా ఇంజను అమర్చారు. ఆ తర్వాతి ఏళ్ళలో జాలర్లూ, పడవలు కట్టేవాళ్ళూ వాళ్ళ లెక్కలు వాళ్ళు వేసుకుని, తెప్ప ఆకారాన్నే ఫైబర్‌లో పోయించారు. అదే ఫైబర్ తెప్ప. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత సాయం పేరుతో ఫైబర్ పడవలు ఇంకా ఎక్కువగా వచ్చాయి. వాటిలో నాసిరకంవీ ఉన్నాయి.

ఫైబర్ తెప్పని ఒక్కసారి జాగ్రత్తగా చూస్తే, అమెరికన్ పట్టికలోని రెండు గళ్ళూ అందులో కలిసిపోయాయి. కింద మూసేసిన గుల్ల, పాంటూన్ గొట్టంలాగా. పదార్థం, లేచిన ముక్కు డెక్ బోట్‌వి. పైన నేల మీద పడ్డ నీళ్ళు మాత్రం పాత తెప్పలో లాగే తిరిగి సముద్రంలోకి పోతాయి. బలహీనత కూడా వారసత్వంగానే వచ్చింది. దుంగ నీళ్ళు పీలిస్తే కంటికి తెలుస్తుంది, ఎండబెట్టొచ్చు. మూసిన గుల్లకి పగులు వచ్చి లోపలికి నీళ్ళు చేరితే పైకి ఏమీ కనిపించదు. పడవ బరువెక్కిందని అలల్లో ఉన్నప్పుడే తెలుస్తుంది.

ఇంతకీ ఏది కొనాలి?

ఇంత చదివాక ఆ ప్రశ్నకి నా జవాబు, పడవ లేనివాడి జవాబు, ఇది. తీరం అన్న ఒక్క మాట కింద రెండు రకాల నీళ్ళున్నాయి. టెక్సస్‌లో గాల్వెస్టన్ బే లాంటి చోట్ల బయటి సముద్రానికి అడ్డంగా ఇసుక దీవులున్నాయి. లోపల కాలువలు, మూలలు, గాలి లేని పొద్దుటి పూటలు ఉన్నాయి. అక్కడ పెద్దవాళ్ళతో, పిల్లలతో నింపాదిగా తిరగడానికి పాంటూన్ బోట్ మంచి వస్తువే. కానీ ఆ బే సగటు లోతు పది అడుగులు కూడా ఉండదు. లోతు లేని నీళ్ళ మీద మధ్యాహ్నం గాలి లేస్తే, పొట్టిగా, నిటారుగా, దగ్గరదగ్గరగా అలలు వస్తాయి. పాంటూన్‌కి సరిగ్గా పడనివి అవే. అప్పుడు అలలకి ఎదురుగా ఇంటికి తిరిగి రావలసి ఉంటే డెక్ బోట్ నయం. దీవుల మధ్య ఖాళీ దాటి బయటి సముద్రంలోకి వెళ్ళాలనుకుంటే, రెండూ ఇంటిదగ్గర వదిలేసి అందుకు కట్టిన పడవలో వెళ్ళాలి.

ఇంకో చిన్న సంగతి, నాలాంటి పట్టికల పిచ్చివాళ్ళకి. అమెరికా చట్టం 20 అడుగుల లోపు మోటారు పడవలకి, ఎంతమంది ఎక్కొచ్చో, ఎంత బరువు మోయొచ్చో చెప్పే రేకు తగిలించాలంటుంది. కానీ ఆ నిబంధన ఒకే అడుగు ఉన్న పడవలకే. రెండు గొట్టాల పాంటూన్ దాని కిందికి రాదు. చాలామంది తయారీదారులు పరిశ్రమ ప్రమాణాల ప్రకారం స్వచ్ఛందంగా తగిలిస్తారు. అంటే కదలకపోవడమే తన గొప్ప అని చెప్పుకునే పడవలో, ఎంతమందితో కదలదో చట్టప్రకారం చెప్పాల్సిన పని లేదు. కొనేవాళ్ళు అడిగి తెలుసుకోవాలి.

నరసాపురం పంటు వశిష్ఠ గోదావరి మీద ఆ రేవు నుంచి ఈ రేవుకి తిరుగుతుంది గానీ, అంతర్వేది దగ్గర అన్నాచెల్లెళ్ళ గట్టు దాటి సముద్రంలోకి పోదు. విజయవాడలో దసరా చివరి రోజు దుర్గమ్మని కృష్ణలో ఊరేగించే హంస వాహనం కూడా ఒక పంటు మీద కట్టిందే. వరద ఎక్కువగా ఉన్న ఏడు అధికారులు ఊరేగింపు ఆపేస్తారు. దీపాలు వెలుగుతాయి, పూజ జరుగుతుంది, హంస మాత్రం ఘాట్‌కి కట్టే ఉంటుంది. పాంటూన్ కొనుక్కున్నవాళ్ళకి ఏడాదిలో అలాంటి రోజులు చాలానే వస్తాయి. ఆ రోజున తాడు విప్పకుండా ఉండగలిగితే అది మంచి పడవే.